ఒక్క చేనిలో నాలుగు పదునులు

(మన సంఘపు కూటమిలో రైతు కుటుంబముల యెదుట చేసిన ప్రసంగ పాఠము)



ఈ కూటమికి వచ్చినవారిలో బళ్లారి ప్రాంతమున తరతరములుగా నివసించుచున్నవారు కొందరు. తుంగభద్ర నీరు పారిన పిదప తీరాంధ్రమునుండి తరలివచ్చి గంగావతి, సింధనూరు, సిరుగుప్ప తాలూకాల క్యాంపులలో స్థిరపడిన కుటుంబములవారు కొందరు. మొదటివారు మెట్టసేద్యమున ఆరితేరినవారు. రెండవవారు మాగాణిలో ఆరితేరినవారు. ఇరువురికిని సమానమైన ప్రశ్న నొకదానిని నేడు మీ ముందుంచదలచితిని. ఒకే చేను, ఒకే విత్తనము, ఒకే నాడు వేసిన విత్తు, ఒకే యెరువు. అయినను ఒక మూల జొన్న నిలువెత్తు పెరుగగా, మరియొక మూల మోకాలెత్తుననే యెండిపోవుట యేల?

దీనికి సామాన్యముగా వచ్చు సమాధానము, ఆ మూల నేలలో సారము లేదనునది. వెంటనే దుకాణమునకు పోయి మరియొక బస్తా యూరియా తెచ్చి అచ్చటనే చల్లుదురు. సారము లేకుండుట కొన్నిచోట్ల నిజమే కావచ్చును. కాని నేలలో తడి లేనిచోట యూరియా కరగి వేరును చేరజాలదు. నీరు నిలిచినచోట నేలకు గాలి యాడక, అందలి నత్రజని వాయురూపము దాల్చి యెగిరిపోవును. రెండు చోట్లను బస్తా సొమ్ము దుకాణదారునకే లాభము. కావున సారమును గూర్చి విచారించుటకు ముందు పదునును గూర్చి విచారింపవలెను.

పదును అను మాట మనకు పాతది. వాన వెలిసిన పిమ్మట మన పెద్దలు చేనిలో త్రవ్విచూచి, జానెడు పదునైనదనియో మూరెడు పదునైనదనియో చెప్పుకొనుచుండిరి. ఆకాశమునుండి ఎంత కురిసినదని గాక, కురిసినదానిలో నేలలోనికి ఎంత దిగినదని లెక్కించుట వారి పద్ధతి. నేటి శాస్త్రదృష్టితో జూచినను పైరునకు కావలసిన లెక్క ఇదియే. కన్నడమున దీనికి చేరువైన మాట ‘హద’. మాటలు వేరైనను, త్రవ్విచూచు వ్రేళ్లకు తెలియు సంగతి ఒక్కటే.

నేల నీటిని ఎట్లు పట్టుకొనునో చెప్పుటకు తడిపిన పంచెను తలచుకొనుడు. నీటిలో ముంచి తీగెపై వేసినప్పుడు మొదట ధారగా కారును. కారుట ఆగిన పిమ్మటను పంచె తడిగనే యుండును. పిండినచో మరికొంత నీరు వచ్చును. ఎంత బలముగా పిండినను, ఇక రాని చెమ్మ కొంత దానిలో మిగిలియే యుండును. నేలయు అట్టిదే. ధారగా కారిపోవునది వేరునకు అందక క్రిందికి జారిపోవు నీరు. పిండినకొలది రాని చెమ్మ మట్టిరేణువులను అంటిపెట్టుకొని యుండు నీరు. అది నేలలో ఉన్నను పైరునకు లేనట్టిదే. ఈ రెండింటి నడుమ నున్నదే పైరు త్రాగు నీరు. దీనినే అందుబాటు నీరు అందము.

1912లో అమెరికాలో బ్రిగ్స్, షాంట్స్ అను శాస్త్రజ్ఞులు అనేక రకముల మొక్కలను వాడువరకు ఉంచి పరీక్షించిరి. ఏ తేమయొద్ద మొక్క వాడిపోవుననునది మొక్కను బట్టి కంటె నేలను బట్టియే నిర్ణయమగునని వారు తేల్చిరి. తరువాతి పరిశోధనలు దీనికి కొన్ని సవరణలు చేసినను, రైతునకు పనికివచ్చు సారము చెక్కుచెదరలేదు. ఒకే పైరును రెండు నేలలలో వేసినప్పుడు, ఒక నేలలో నూటికి పదిపాళ్ల తేమతో పచ్చగా నుండు మొక్క మరియొక నేలలో అదే తేమతో వాడిపోవును. మట్టిని పిడికిట పట్టి ‘తడిగనే యున్నదిగదా’ యనుకొనుట అందుచేతనే నమ్మదగినది కాదు. బంకమట్టి వ్రేళ్లకు తడిగా తోచుచు మొక్కకు పొడిగా నుండును.

ఇక లెక్కలు చూతము. మీటరు లోతు నేలలో పైరునకు అందుబాటు నీరు ఇసుకనేలలో 25 నుండి 100 మిల్లీమీటర్లు, గరపనేలలో 100 నుండి 175, బంకనేలలో 175 నుండి 250 వరకు నుండునని అంతర్జాతీయ ఆహార వ్యవసాయ సంస్థ నీటిపారుదల గ్రంథములలో స్థూలముగా పేర్కొన్నారు. మన రేగడి ఈ మూడవ తరగతిలోనిది. ఈ అంకెలు మీటరు లోతునకు అనుమాట మరువరాదు. చేనంతయు పైకి నల్లగనే కనబడును; కాని దిగువ ప్రక్క మీటరు లోతు రేగడి యుండగా, ఎగువ ప్రక్క జానెడున్నరలోనే మొరము తగులును. లోతైనచోట 200 మిల్లీమీటర్ల నీరు నిలువయుండునను కొందము. 30 సెంటీమీటర్ల మట్టి మాత్రమే యున్నచోట 60 మిల్లీమీటర్లే పట్టును. ఎకరమునకు ఒక మిల్లీమీటరు అనగా సుమారు 4,047 లీటర్లు. రెండు చోట్లకు నడుమ భేదము 140 మిల్లీమీటర్లు. అనగా ఎకరమునకు అయిదు లక్షల అరువదియారు వేల లీటర్లకు పైమాట. అయిదువేల లీటర్ల ట్యాంకర్లతో తోలవలెనన్నచో నూట పదికి పైగా కావలెను! అన్నదమ్ములిద్దరికి చెరి యొక ఎకరము సమానముగా పంచితిమని మధ్యవర్తులు సంతోషించుచుండగా, ఒకనికి ఈ నూట పది ట్యాంకర్లు అధికముగా వచ్చినట్లే.

రబీ జొన్న ఎదుగు దశలో దినమునకు నాలుగైదు మిల్లీమీటర్ల నీరు త్రాగునను కొనుడు. 60 మిల్లీమీటర్ల నిలువ పండ్రెండు మొదలు పదునైదు దినములకు సరిపోవును. 200 మిల్లీమీటర్ల నిలువ నలువది మొదలు ఏబది దినములకు వచ్చును. నిలువ పూర్తిగా నిండుకొనువరకు పైరు సుఖముగా నుండునను కొనరాదు. సుమారు సగము నీరు వ్యయమగునప్పటికే వేరు శ్రమపడి త్రాగవలసివచ్చును, ఆకు మధ్యాహ్నవేళ చుట్టుకొనును. బళ్లారిలో సంవత్సరపు వాన సుమారు 500 మిల్లీమీటర్లు. అందు ముఖ్యభాగము సెప్టెంబరు, అక్టోబరు మాసములలో కురియును. ఆ పిమ్మట పడిన వాన పడినట్లు. జొన్నకు కంకి వెళ్లువేళ ఆధారము నేలలోని నిలువయే. నిస్సారమనుకొన్న మూల నిజమునకు చిన్న కుండ వంటిది. కుండను మార్చకుండ ఎరువు పెంచుట వలన ప్రయోజనము లేదు.

మెట్టచేలను గూర్చి మరికొంత చెప్పవలెను. ఇచ్చట శాస్త్రముతో పాటు కుటుంబ విషయము కూడ కలదు. భాగములు పంచుకొనునప్పుడు అందరికిని మెరకయు పల్లమును సమానముగా రావలెనని, చేనిని వాలు వెంబడి నిలువు చీలికలుగా కోయుట పెక్కుచోట్ల ఆచారము. ఇది న్యాయమైన ఆలోచనయే. అన్నకు మెరక, తమ్మునకు పల్లము వచ్చుటకంటె ఇది మేలు. కాని నిలువు చీలికలో నాగలి తోలవలెనన్నచో పొడుగువాటమున, అనగా వాలు వెంబడియే తోలుదురు. అడ్డముగా తోలినచో ఎద్దులుగాని ట్రాక్టరుగాని అడుగడుగునకు మరలవలసివచ్చును. వాలు వెంబడి తీసిన ప్రతి చాలును వాననీటికి ఒక చిన్న కాలువయగును. ఎగువనున్న పలుచని నేల తాను నింపుకొనవలసిన కొద్దిపాటి నీటిని కూడ పల్లమునకు పంపివేయును, నీటితోపాటు మట్టియు కొట్టుకొనిపోవును. ప్రతి సంవత్సరము మెరకయందలి కుండ మరికొంత చిన్నదగును. నలుగురికిని సమానముగా నుండవలెనని గీచిన గట్లు, నలుగురి చేలలోను మెరకను ఎండగట్టుచున్నవి.

దీనికి విరుగుడు వాలునకు అడ్డముగా దున్నుట, విత్తుట, గట్టువేయుట. కాని అడ్డగట్టు ఒకని చీలికతో ఆగదు. నలుగురి చీలికలను దాటిపోవలెను. కావున నలుగురును ఒకచోట కూర్చుండవలెను. గట్లు చెరిపివేయవలెనని నేను చెప్పుటలేదు. హక్కు ఎవరిది వారికే యుండనిచ్చి, దుక్కి మాత్రము కలిపి చేసికొనవచ్చును. ట్రాక్టరును బాడుగకు తెచ్చుకొను నేటి దినములలో ఇది మునుపటికంటె సులభము. అయితే ఒక హెచ్చరిక. లోతైన రేగడిలో నీటిని పూర్తిగా ఆపివేయు సమమట్టపు గట్లు పనికిరావు. ఎగువ ప్రక్క నీరు నిలిచి పైరు కుళ్లును. వేసవిలో నేల బీటలు వారినప్పుడు గట్టును బీటలిచ్చి, తొలకరికి తెగిపోవును. అట్టి నేలలకు, మిగులునీటిని మెల్లగా ప్రక్కకు నడిపించు కొద్దిపాటి వాలుగల గట్లు మేలని పరిశోధకులు తేల్చిరి. బళ్లారిలో 1954లో ఏర్పడిన మృత్తికా సంరక్షణ పరిశోధన కేంద్రములో ఇట్టి సమస్యలపైననే దశాబ్దములుగా పనిచేసిరి. రబీకై ఖాళీగా నుంచిన రేగడిలో వానకాలమున చిన్న చిన్న మడికట్లు వేసి నీటిని పడినచోటనే ఇంకించుట, అడ్డముగా సన్నని కందకములు తీసి జొన్నమోళ్లను నిలువుగా నింపి వాటి వెంబడి నీరు లోతునకు దిగునట్లు చేయుట, ఈ ప్రాంతమునకు అనుకూలించిన పద్ధతులు. పటాన్‌చెరులో 1972లో నెలకొల్పబడిన ఇక్రిశాట్ సంస్థవారు ఎత్తైన వెడల్పు మడులను, నడుమ సాళ్లను వేసి, ఒకే రేగడిచేనిలో అతివృష్టినాటి ముంపును, అనావృష్టినాటి ఎండును రెండింటిని తగ్గింపవచ్చునని చూపిరి.

ఇక కాలువక్రింది చేలు. ఇచ్చట కొందరు సోదరులు తమలో తాము, ‘మాకు కాలువ యున్నది, ఈ గొడవ మాకేల’ యని యనుకొనుచుండవచ్చును. నిజమునకు గొడవ వారికే అధికము. ఎట్లన, సాలు మొదట నీరు ప్రవేశించినప్పటినుండి ఇంకుచునే యుండును. సాలు కొసకు నీరు చేరువరకు అచ్చట చుక్కయు లేదు. మసారి యని మనమిచ్చట పిలుచు ఎర్రనేలలో ఈ తేడా ఘనముగా నుండును. మొదట నీరు వేరును దాటి క్రిందికి పోయి నష్టమగును, కొస ఆకలిగొనియుండును. అచ్చట సాళ్లు పొట్టిగా చేసి, నీటిని సన్నని ధారగా గాక పెద్ద పారుగా పంపి త్వరగా కొసకు చేర్చుటయే యుపాయము. రేగడి స్వభావము వేరు. దాని బీటలు మొదటి నీటిని గబగబ మ్రింగును. ఉబ్బి బీటలు మూసికొనిన పిదప గంటకు కొలది మిల్లీమీటర్లైనను ఇంకుట కష్టము. కావున రేగడిలో మొదలు కొసల తేడా తక్కువ. పల్లములలో నీరు నిలుచుటయే పెద్ద బాధ. ఒక చేనికి చెప్పిన మందు ప్రక్క చేనికి పనికిరాదనుటకు ఇంతకంటె నిదర్శన మక్కరలేదు.

ఎక్కువ తక్కువలు కలిసి సరిపోవును గదా, సగటున నీరు చాలినదిగదా యని మీరడుగవచ్చును. నేను ముఖ్యముగా చెప్పదలచినది ఇదియే: సరిపోదు. 1979లో ఆహార వ్యవసాయ సంస్థ ప్రకటించిన లెక్కలలో డోరెన్‌బోస్, కస్సాం అను నిపుణులు ప్రతి పైరునకు ఒక గుణకము నిచ్చిరి. నీటి కొరతకు దిగుబడి ఎంత తగ్గునో అది చెప్పును. మొక్కజొన్నకు 1.25, జొన్నకు 0.9, పత్తికి 0.85, వేరుసెనగకు 0.7. మొక్కజొన్నచేనిలో సగమునకు కావలసినదానికంటె నూటికి ఇరువది పాళ్లు అధికముగను, సగమునకు ఇరువది పాళ్లు తక్కువగను నీరందినదను కొందము. సగటు సరిగా నూరు. తక్కువైన సగమున దిగుబడి నూటికి ఇరువదియైదు తగ్గి డెబ్బదియైదగును. ఎక్కువైన సగమున మాత్రము నూటయిరువది పండునా? పండదు, త్రాగగలిగినదానికి మించిన నీరు గింజ కాజాలదు. అచ్చట నూరే. చేని సగటు ఎనుబదియేడున్నర. తూమువద్ద కొలిచిన నీటిలో లోపము లేదు, నూటికి పండ్రెండున్నర పాళ్లు పంట మాత్రము లేదు. ఎక్కువైన సగమున నీరు నిలిచి వేళ్లకు గాలి యందకున్నచో ఆ నూరును రాదు. నీటిలో ప్రాణవాయువు వ్యాపించుట గాలిలోకంటె సుమారు పదివేల రెట్లు మందము. మొక్కజొన్నకు పూతవేళ కొరత కలిగినచో నష్టము ఇంకను హెచ్చు. ఆ దశకు వారిచ్చిన గుణకము 1.5.

కావున పంట తక్కువైనదని మరియొక తడికై తూము తెరిపించుటకు పోరాడువారు, ఉన్న తడి చేనిలో ఎట్లు పరచుకొన్నదో ముందు చూడవలెను. తుంగభద్ర జలాశయమున తొలుత సుమారు 133 శతకోటి ఘనపుటడుగుల నీరు పట్టునట్లు కట్టగా, పూడికవలన అది సుమారు 105కు దిగినది. 2024 ఆగష్టు 10వ తేది రాత్రి పందొమ్మిదవ ద్వారము కొట్టుకొనిపోయినప్పుడు ఈ ప్రాంతమంతయు నిద్రలేక గడిపిన సంగతి మీకు విస్మృతము కాదు. ఆనకట్టయందలి నీరు మన చేతిలోనిది కాదు. చేనిలోని నీరు చాలవరకు మన చేతిలోనిదే.

చదును చేయుటనుగూర్చి ఒక మాట. లేసరు కిరణముతో పనిచేయు యంత్రములు నేడు బాడుగకు దొరకుచున్నవి. మడిలో మిట్టపల్లములను రెండు సెంటీమీటర్ల లోపునకు తేవచ్చును. వరిమడిలో మిట్టమీద కలుపు, పల్లమున ముంపు రెండును తగ్గును. కాని పైమన్ను పలుచనైన చేలలో మిట్టను లోతుగా చెక్కివేసినచో క్రిందనున్న సున్నపుగుళ్ల మన్నో మొరమో బయటపడును. కొన్ని సంవత్సరములవరకు అచ్చట పైరు కుదురుకొనదు. పైమన్ను ఒక ప్రక్కకు తీసి, అడుగును సరిచేసి, మరల పైమన్ను పరపించుట ఖర్చుతో కూడిన పనియైనను సరియైన పని. అంత ఖర్చు భరింపలేనివారు చేనంతటిని ఒకే మట్టమునకు తేబోక, రెండు మూడు మెట్లుగా విడగొట్టుకొనుట మంచిది.

అన్నిటికంటె మోసకారి పల్లపు మూలలోని చౌడు. కన్నడ మిత్రులు దీనిని సవుళు అందురు. కాలువ యెగువన వరి నిండుగా వేయుటచేత ఊటనీరు పల్లములకు దిగి జాలు పట్టును. ఆ నీరు పైకెక్కి ఆవిరియై, ఉప్పును పైననే విడిచిపోవును. ఈ ఆయకట్టులో అధికభాగము ఆరుతడి పంటలకే నిర్ణయింపబడినది. వరి మన కుటుంబములకు ప్రియమైన పంట. అయినను ఎగువ వరి దిగువవానికి ఒకవంక నీటి కొరతను, మరియొకవంక చౌడును తెచ్చిపెట్టినదనుట కాదనరాని సంగతి. చౌడునేల చూచుటకు తడిగా నుండును. ఉప్పు నీటిని పట్టుకొనుటచే వేరు దానిని త్రాగజాలదు. నీటిలో నిలిచియు మొక్క దాహముతో నుండును. ఇట్టిచోట మరియొక తడి పెట్టుట, మురుగుకాలువ లేనిచో, రోగమును పెంచుటయే. నేలలోని ఉప్పును డెసిసీమెన్ అను ప్రమాణముతో కొలుతురు. వరి 3 దాటినది మొదలు తగ్గనారంభించును, జొన్న 6.8 వరకు, పత్తి 7.7 వరకు ఓర్చును, మొక్కజొన్న 1.7కే దిగులుపడును. గంగావతి వ్యవసాయ పరిశోధన స్థానములో ఈ నేలలను గూర్చి చిరకాలముగా పరిశోధనలు జరుగుచున్నవి. మట్టిని పరీక్షింపించి, అది ఉప్పుచౌడో కారుచౌడో తెలిసికొనక జిప్సము బస్తాలు కొనవలదు. జిప్సము కారుచౌడునకు మందు; ఉప్పుచౌడునకు కావలసినది మురుగుదారియు, కడిగివేయు మంచినీరును.

చివరగా ఇంటివద్ద చేయదగిన పని. చేని పటము నొక కాగితముపై గీసికొనుడు. కొలతలు ఖచ్చితముగా నుండనక్కరలేదు. వాన వెలిసిన లేక తడిపెట్టిన రెండు మూడు దినములకు, వ్రేలిలావు ఇనుపచువ్వను పట్టుకొని పది పదునైదుచోట్ల నేలలోనికి నొక్కుడు. తడి యున్నంతవరకు చువ్వ దిగును, పొడినేల తగిలినచో ఆగును; రాయి తగిలినచో చప్పుడే చెప్పును. దిగిన లోతును పటముపై వ్రాసికొనుడు. మరింత సరిగా తెలియవలెనన్నచో మట్టిని తూచి, ప్రయోగశాలలో 105 డిగ్రీల వేడిపై ఒక దినము ఆరబెట్టించి, మరల తూపించవలెను. తరిగిన తూకమే నీరు.

పిదప కోతలనాడు, లోతు ఎక్కువైనచోట నొకటి, తక్కువైనచోట నొకటి, అయిదు మీటర్ల పొడవు అయిదు మీటర్ల వెడల్పుగల చతురములను త్రాడుతో గుర్తించి, వాటి గింజను వేరువేరుగా నూర్చి తూచుడు. ఒక చతురమున వచ్చిన కిలోలను 162చే గుణించినచో ఎకరపు దిగుబడి వచ్చును. ఒకచోట 6 కిలోలు, మరియొకచోట 12 కిలోలు వచ్చినవను కొనుడు. 972 ఒకటి, 1,944 ఒకటి. కౌలు మాటలాడుటకును, భాగములు పంచుటకును, ఎరువు ఎచ్చట తగ్గింపవలెనో తేల్చుటకును ఈ రెండంకెలు ఉపయోగపడును. మట్టి పరీక్షకు పంపునప్పుడు కూడ చేనంతటి మన్నును కలిపి ఒకే సంచిలో పంపక, మెరకది వేరుగా, పల్లముది వేరుగా, చౌడుమూలది వేరుగా పంపవలెను. సంచిపై చీటీ కన్నడమున వ్రాసినచో కార్యాలయమువారికి సులభము: నల్లనేలకు ఎరె, ఎర్రనేలకు మసారి, చౌడునకు సవుళు అని వ్రాసిన చాలును. కన్నడ లిపి రాని పెద్దలుండినచో, ఇంటిలో బడికి పోవు పిల్లలచేత వ్రాయించుడు. పటములు సిద్ధమైనవారు వచ్చు కూటమికి వాటిని తీసికొనిరండు. ప్రక్కప్రక్క చేలవారి పటములను బల్లపై జోడించి చూచినచో, అడ్డగట్టు ఎచ్చటనుండి ఎచ్చటికి పోవలెనో, మురుగుదారి ఎవరి చేని కొసన తీయవలెనో అచ్చటనే కూర్చుండి మాటలాడుకొనవచ్చును.